ఒకే ఇంటి కలాలు: పిల్లల కోసం అపరాధ పరిశోధన కథలు

పరిచయం

ఒక పుస్తకాన్ని ఇద్దరు కలిసి రాయగలరా? ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. తెలుగు సాహిత్యంలో జంట కవులు అనగానే చాలామందికి తిరుపతి వేంకట కవులు గుర్తుకు వస్తారు. వారికంటే ఎంతో ముందు, 15వ శతాబ్దంలోనే, నంది మల్లయ, ఘంట సింగయ అనే ఇద్దరు కవులు కలిసి ప్రబోధచంద్రోదయం, వరాహపురాణం అనే కావ్యాలు రాశారు. తెలుగులో తొలి జంట కవులుగా పేరు పొందిన ఈ ఇద్దరూ మేనమామ, మేనల్లుళ్ళు.

అంటే బంధువులు కలిసి రచన చేయడం మనకు అయిదు వందల ఏళ్ళకు పైబడిన సంప్రదాయం. అయితే పురాణ కథను కలిసి రాయడం వేరు, రహస్యాన్ని దాచి చివరకు విప్పే కథను కలిసి రాయడం వేరు. పురాణ కథ ఇద్దరికీ ముందే తెలుసు. రహస్య కథలో ఒకరు దాచింది రెండోవారికి సరిగా తెలియకపోతే కథే చెడిపోతుంది. ఆ కథ పిల్లల కోసమైతే బాధ్యత ఇంకా పెరుగుతుంది.

ఈ పాఠంలో కలకత్తాకు చెందిన ఒక కుటుంబం గురించి తెలుసుకుంటారు. ఆ కుటుంబంలోని మేనత్త, అక్క, తమ్ముడు వరసైన ముగ్గురు ఒకే పిల్లల పత్రికను నడిపారు. ముగ్గురూ పిల్లల కోసం రహస్య కథలు రాశారు.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
- అపరాధ పరిశోధన కథలో ఉండే ముఖ్యమైన అంగాలను చెప్పగలుగుతారు;
- పిల్లల కోసం ఇటువంటి కథ రాయడంలోని ఇబ్బందిని వివరించగలుగుతారు;
- బంధువులు కలిసి పనిచేసినప్పుడు రచనకు కలిగే లాభాన్ని ఉదాహరణతో చూపగలుగుతారు;
- మీ ఇంట్లో మరొకరితో కలిసి చిన్న రహస్య కథను రాయగలుగుతారు.

1. అపరాధ పరిశోధన కథ అంటే ఏమిటి?

కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు పేర్లు మీరు వినే ఉంటారు. అద్దె పుస్తకాల షాపుల నుంచి తెచ్చుకుని ఆ నవలలు చదివిన పెద్దవారు మీ ఇంట్లోనే ఉండవచ్చు. అటువంటి కథలన్నింటిలో కొన్ని అంగాలు తప్పకుండా ఉంటాయి.

మొదటిది సమస్య. ఒక వస్తువు పోతుంది, ఒక మనిషి కనబడకుండా పోతాడు, ఒక బెదిరింపు ఉత్తరం వస్తుంది. రెండవది అనుమానితులు. ఈ పని చేసి ఉండవచ్చునని మనకు తోచే మనుషులు వీరు. మూడవది ఆధారాలు. అడుగుజాడ, చిరిగిన కాగితం, ఎవరో నోరుజారి అన్న మాట ఆధారాలు కావచ్చు. నాలుగవది తప్పుదారి. పాఠకుడి దృష్టిని మరోవైపు మళ్ళించే విషయం ఇది. చివరిది వివరణ. పరిశోధకుడు ఆధారాలన్నీ వరసగా పేర్చి నిజాన్ని చెప్పే ఘట్టం ఇది.

ఇక్కడ ఒక నియమం ఉంది. పరిశోధకుడికి దొరికిన ప్రతి ఆధారమూ పాఠకుడికి కూడా కనబడాలి. చివరి పుటలో కొత్త మనిషిని తెచ్చి ‘దొంగ ఇతడే’ అంటే పాఠకుడు మోసపోయినట్లే. చూపవలసింది చూపుతూనే దాచడం ఈ కథల్లోని నేర్పు.

2. ఇద్దరు కలిసి రాస్తే

ఈ నేర్పును ఇద్దరు పంచుకున్న సందర్భం ఒకటి చూద్దాం. అమెరికాలో ఫ్రెడరిక్ డానే, మాన్‌ఫ్రెడ్ లీ అనే ఇద్దరు ఉండేవారు. వారు దగ్గర బంధువులు, వరసకు అన్నదమ్ములు. ఇద్దరూ 1905లో పుట్టినవారే. ‘ఎలరీ క్వీన్’ అనే ఒకే కలం పేరుతో వారి మొదటి అపరాధ పరిశోధన నవల 1929లో వెలువడింది. వారి పని విభజన ప్రధానంగా ఇలా ఉండేది: డానే కథను పన్నేవాడు, లీ దానిని నవలగా రాసేవాడు. ఇద్దరి మధ్య వాదులాటలు తక్కువేమీ కాదు. అయినా దశాబ్దాల పాటు కలిసి పనిచేశారు.

1940లలో ఆ పేరుకే ‘జూనియర్’ అని చేర్చి పిల్లల నవలలు కూడా వచ్చాయి. కాని వాటిని రాసింది వేరే రచయితలు. పెద్దల కోసం కలిసి కష్టపడిన ఆ ఇద్దరు, పిల్లల పుస్తకాల దగ్గరకు వచ్చేసరికి పేరు మాత్రమే ఇచ్చారు. ఈ విషయం గుర్తుంచుకోండి. ఇప్పుడు మన దేశంలో ఇందుకు భిన్నంగా జరిగిన ఒక ప్రయత్నాన్ని చూద్దాం.

పాఠ్యగత ప్రశ్నలు - 1
అ) తెలుగులో తొలి జంట కవుల మధ్య బంధుత్వం ఏమిటి?
ఆ) ఆధారాల విషయంలో రచయిత పాటించవలసిన నియమం ఏమిటి?

3. ‘సందేశ్’ పత్రిక, దాని కుటుంబం

1913లో కలకత్తాలో ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి పిల్లల కోసం ‘సందేశ్’ అనే మాసపత్రికను ప్రారంభించారు. బెంగాలీలో సందేశ్ అంటే వార్త అనే అర్థం ఉంది. పాల విరుగుడుతో చేసే ఒక మిఠాయి పేరు కూడా అదే. ఉపేంద్రకిశోర్ రచయిత, చిత్రకారుడు. బొమ్మలను అచ్చు వేసే బ్లాకుల తయారీలో నిపుణుడు. తన పత్రికకు కథలు రాసి, బొమ్మలు వేసి, తన సొంత అచ్చుకూటంలోనే ముద్రించేవారు.

1915లో ఆయన మరణించారు. కుమారుడు సుకుమార్ రాయ్ సంపాదక బాధ్యత తీసుకున్నారు. నవ్వు పుట్టించే పద్యాలకు సుకుమార్ బెంగాలీ సాహిత్యంలో సాటిలేని కవి. ఆయనకు కాలా అజార్ జ్వరం సోకింది. అప్పటికి దానికి సరైన మందు అందుబాటులో లేదు. జబ్బుతో ఉండి కూడా పత్రిక పని మానలేదు. 1922లో తన పినతండ్రి కూతురు లీల చేత ఒక కథ రాయించి సందేశ్‌లో ప్రచురించారు. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు. 1923లో సుకుమార్ మరణించారు. ఆయన వయస్సు ముప్పై అయిదు. కొడుకు సత్యజిత్‌కు అప్పటికి మూడేళ్ళయినా నిండలేదు.

ఆ తరువాత పత్రిక కొంతకాలం నడిచింది, ఆగింది, మళ్ళీ నడిచింది. చివరకు 1930లలో మూతపడింది. అచ్చుకూటం చేతులు మారింది. కుటుంబం పాత ఇల్లు విడిచిపెట్టింది.

1961లో ఆ పత్రికకు మళ్ళీ ప్రాణం పోసినవారు ఆనాటి పసివాడే, అంటే సత్యజిత్ రాయ్. అప్పటికి ఆయన ‘పథేర్ పాంచాలీ’ చిత్రంతో ప్రపంచ ప్రఖ్యాతి పొందిన దర్శకుడు. కవి సుభాష్ ముఖోపాధ్యాయతో కలిసి ఆయన సంపాదకత్వం వహించారు. 1963 నుంచి లీలా మజుందార్ సంపాదకురాలిగా చేరారు. సుకుమార్ కథ రాయించిన లీల ఈమే. సత్యజిత్‌కు మేనత్త వరస. తరువాతి కాలంలో నళినీ దాస్ కూడా సంపాదకురాలయ్యారు. నళిని ఉపేంద్రకిశోర్‌కు కూతురి కూతురు, సత్యజిత్‌కు మేనత్త కూతురు. మన వైపయితే వదిన వరస అవుతుంది. బెంగాలీలలో మేనత్త పిల్లలు కూడా అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ వరసే. కనుక ఆమె ఆయనకు అక్క.

పత్రికను నడపడానికి 1963లో సుకుమార్ పేరుతో ఒక సహకార సంఘం ఏర్పాటు చేశారు. లాభం కోసం పెట్టిన సంఘం కాదు అది. పత్రిక పని చాలా ఏళ్ళు నళినీ దాస్ ఇంటి నుంచే సాగింది. ఆమె భర్త అశోకానంద దాస్ ప్రచురణ వ్యవహారాలు చూసుకునేవారు. ముఖచిత్రాలు, లోపలి బొమ్మలు చాలావరకు సత్యజిత్ వేసేవారు.

4. మూడు కలాలు, మూడు రకాల రహస్యాలు

పత్రిక పెట్టగానే సరిపోదు, ప్రతి నెలా పుటలు నింపాలి. అంతవరకు సినిమాలే ప్రధానంగా ఉన్న సత్యజిత్ ఈ అవసరం వల్లనే పిల్లల కథలు రాయడం మొదలుపెట్టారు. 1965 డిసెంబరులో సందేశ్‌లో ఆయన మొదటి డిటెక్టివ్ కథ ప్రారంభమయింది. మూడు సంచికలలో పూర్తయిన ఆ కథలోనే ఫేలూదా పుట్టాడు.

ఫేలూదా అసలు పేరు ప్రదోష్ మిత్ర. ఫేలూ ముద్దుపేరు, ‘దా’ అంటే అన్నయ్య. ఆ పేరులోనే బంధుత్వం ఉంది చూడండి. కథ చెప్పేది అతనికి తమ్ముడి వరసైన తపేశ్ అనే కుర్రవాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఫేలూదా, తపేశ్ ఇంట్లోనే పెరిగాడు. అన్నయ్య ఆలోచిస్తాడు, తమ్ముడు గమనించి రాస్తాడు. 1971లో వచ్చిన ‘సోనార్ కెల్లా’ అనే నవలలో వీరికి లాల్‌మోహన్ గంగూలీ అనే రచయిత తోడవుతాడు. ‘జటాయు’ అనే కలం పేరుతో సాహస నవలలు రాసే ఆయన చేసే పొరపాట్లను ఫేలూదా సరిదిద్దుతూ ఉంటాడు. కథలోపల కూడా ఒకరి రచనను మరొకరు సరిచూడడం కనబడుతుంది.

లీలా మజుందార్ దారి వేరు. ఆమె రాసిన ‘పదీపిసీర్ బర్మీ బాక్స’ అనే నవలలో పదీ అనే మేనత్త తెచ్చుకున్న బర్మా పెట్టె మాయమవుతుంది. ‘పిసీ’ అంటే మేనత్త. ఏళ్ళు గడిచినా ఆ పెట్టె ఏమయిందో ఇంటిల్లిపాదికీ తెలియదు. ఇక్కడ తెలివైన డిటెక్టివ్ లేడు. మతిమరుపు, ఆశ, భయం, గొప్పలు చెప్పుకునే అలవాటు గల బంధువులు ఉన్నారు. రహస్యం చుట్టూ నవ్వులు పూస్తాయి.

నళినీ దాస్ కలకత్తాలోని బెథూన్ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. ఆడపిల్లల చదువు కోసం 1849లో మొదలైన పాఠశాల నుంచి పెరిగిన కళాశాల అది. ఆమె తన కథలకు నలుగురు ఆడపిల్లలను పరిశోధకులుగా పెట్టుకున్నారు. వారి పేర్లు కాలూ, మాలూ, బులూ, టులూ. హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలు వీరు. ఈ కథలకు ‘గోయెందా గండాలు’ అని పేరు. మన చెవికి గండాలు అంటే ఆపదలు అనిపిస్తుంది. బెంగాలీలో గోయెందా అంటే డిటెక్టివ్, గండా అంటే నాలుగు. చివరన ‘లూ’ వచ్చే నాలుగు పేర్లు కలిసి గండాలు అయ్యాయి.

ఇప్పుడు ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఫేలూదా కథల్లో స్త్రీ పాత్రలు చాలా తక్కువ. ఆ కథలు మాత్రమే చదివిన ఆడపిల్ల, పరిశోధన మగపిల్లల పని అనుకునే ప్రమాదం ఉంది. అదే పత్రికలో నళినీ దాస్ కథ చదివితే ఆ అపోహ పోతుంది. తర్కం ఒకరి దగ్గర, నవ్వు మరొకరి దగ్గర, ఆడపిల్లల ధైర్యం ఇంకొకరి దగ్గర ఉన్నాయి. వీరు ముగ్గురూ ఒకే నవల మీద సంతకం చేయలేదు. కాని నెలనెలా ఒకే పత్రికను కలిసి తయారుచేశారు. ఒకరి కథలో లేనిది మరొకరి కథలో పాఠకుడికి దొరికింది. ఉమ్మడి రచనలో ఇది కూడా ఒక పద్ధతి.

పాఠ్యగత ప్రశ్నలు - 2
అ) సత్యజిత్ రాయ్ పిల్లల కథలు రాయడానికి కారణమైన అవసరం ఏమిటి?
ఆ) నళినీ దాస్ కథల వల్ల సందేశ్ పాఠకులకు కలిగిన ప్రత్యేక లాభం ఏమిటి?

5. పిల్లలకు రాయడంలో ఇబ్బంది

పెద్దల డిటెక్టివ్ నవలల్లో నేరానికి కారణాలు తేలికగా దొరుకుతాయి. అక్రమ సంబంధం, పగ, ఘోరమైన హత్య వంటివి పెట్టి ఎన్ని కథలైనా అల్లవచ్చు. పిల్లల పత్రికలో అవి పనికిరావు. అటువంటి విషయాలు, మితిమీరిన హింస లేకుండా డిటెక్టివ్ కథలు అల్లడం సులభం కాదని సత్యజిత్ రాయ్ స్వయంగా ఒప్పుకున్నారు.

అయితే ఆ హద్దు వల్ల కథలు చప్పబడలేదు. కారణం, ఆయన కుతూహలానికి వేరే వనరులు వెతికారు. మొదటి కథలో డార్జిలింగులో ఉన్న ఒక పెద్దమనిషికి బెదిరింపు ఉత్తరం వస్తుంది. అచ్చు కాగితాల నుంచి మాటలు కత్తిరించి అతికించిన ఉత్తరం అది. హత్య లేకుండానే ఆ ఉత్తరం మనల్ని చివరిదాకా చదివిస్తుంది. తరువాతి నవల లక్నోలో జరుగుతుంది. అందులో ఔరంగజేబు నాటి ఉంగరం ఉంది. ‘సోనార్ కెల్లా’లో పూర్వజన్మ గుర్తున్నదని చెప్పే ఒక బాలుడి వెంట పాఠకుడు రాజస్థాన్‌లోని జైసల్మేరు దాకా వెళతాడు. కథ చదివిన పిల్లవాడికి చరిత్ర, భూగోళం పాఠం చెప్పినట్లు లేకుండానే ఒంటబడతాయి.

ఇటువంటి హద్దును పాటించడంలో ఇంటివారి సాయం చాలా విలువైనది. సత్యజిత్ తన రచనలను ముందుగా భార్య బిజొయా రాయ్‌కు చూపేవారు. ఆమెకు డిటెక్టివ్ నవలలంటే ఎంతో ఇష్టం. అటువంటి నవలలు ఎన్నో చదివిన పాఠకురాలి కంటికి ఆధారంలోని లోపం వెంటనే దొరుకుతుంది. ఇంట్లో కొడుకు సందీప్ పెరుగుతున్నాడు. పత్రికలో కళాశాల ప్రిన్సిపాల్ అయిన అక్క ఉన్నారు, పిల్లల మనసెరిగిన మేనత్త ఉన్నారు. ‘ఇది పిల్లలకు తగునా?’ అని అడగగలవారి మధ్య కూర్చుని రాసే రచయిత తనకు తానుగా జాగ్రత్తపడతాడు.

ఎలరీ క్వీన్ సంగతి మళ్ళీ గుర్తు చేసుకోండి. అక్కడ పిల్లల పుస్తకాల మీద కుటుంబం పేరు ఉంది, చేయి లేదు. సందేశ్‌లో ఎవరి కథకు వారి పేరే ఉంది, కాని పత్రిక వెనుక ఉన్న శ్రమ అందరిదీ. పిల్లల పుస్తకం కొనేటప్పుడు మనం చూడవలసింది ఈ తేడానే.

6. మీరు రాయాలనుకుంటే

ఒక ఊహ చేద్దాం. ఒక మేనమామ, ఎనిమిదో తరగతి చదివే మేనకోడలు కలిసి కథ రాయాలనుకున్నారు. సమస్య ఏమిటంటే, పండుగకు కొన్న ఇత్తడి చెంబు తెల్లవారేసరికి కనబడలేదు. మేనమామ ముగింపు ముందే ఆలోచించాడు. దొంగతనం జరగలేదు. పక్కింటి పిల్లవాడు చీకటితోనే బావి దగ్గర నీళ్ళు తోడబోయాడు. చెంబు జారి బావిలో పడింది. దెబ్బలు తగులుతాయన్న భయంతో వాడు నోరు విప్పలేదు. పాత సామాన్లు కొనే మనిషి ముందురోజు వీధిలోకి రావడం తప్పుదారి. ఎవరూ నీళ్ళు తోడకముందే చేదతాడు తడిసి ఉండడం ఆధారం.

మేనమామ కథ రాసి ఇచ్చాడు. మేనకోడలు చదివి, “మామయ్యా, తాడు తడిసి ఉందని చివర్లో చెప్పావు. అమ్మ పొద్దున్నే బావి దగ్గరికి వెళ్ళినప్పుడే చెప్పాలి కదా?” అంది. మేనమామకు తప్పు తెలిసింది. తరువాత ఆ పిల్ల మరొక ప్రశ్న వేసింది. “పాత సామాన్ల మనిషిని అందరూ దొంగ అన్నారు. నిజం తెలిశాక అతనికి ఎవరూ క్షమాపణ చెప్పలేదేం?”

మొదటి ప్రశ్న వల్ల కథ పద్ధతి కుదిరింది. రెండవ ప్రశ్న వల్ల కథకు న్యాయం చేకూరింది. ఒక్కడే కూర్చుని రాస్తే ఈ రెండు ప్రశ్నలూ మేనమామకు తోచి ఉండకపోవచ్చు. తోటి రచయితగా బంధువును ఎంచుకోవడంలో లాభం ఇక్కడే ఉంది. మన మీద ప్రేమ ఉండాలి, మొహమాటం ఉండకూడదు.

మీరు కూడా ఈ క్రమంలో ప్రయత్నించండి. ముగింపును ఇద్దరూ ముందే మాట్లాడుకోండి. ఆధారాలను ఒక కాగితం మీద రాసుకుని, ప్రతి ఆధారం కథలో ఎక్కడ వస్తుందో గుర్తు పెట్టుకోండి. రాసే పని ఒకరికి, సరిచూసే పని మరొకరికి అప్పగించండి. తరువాతి కథకు పనులు మార్చుకోండి. చదువు మధ్యలో ఆపి ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టినవారు, నాకు రాయడం వస్తుందా అని వెనుకాడవద్దు. మీకు తెలిసిన మనుషులు, మీ వీధి, మీ బావి, మీ బస్టాండు కథకు చాలు. రాత తడబడితే బడికి వెళ్ళే మీ పిల్లల సాయం తీసుకోండి. మీరు చెబుతుంటే వారు రాస్తారు. అదీ ఉమ్మడి రచనే.

7. సారాంశం

అపరాధ పరిశోధన కథలో సమస్య, అనుమానితులు, ఆధారాలు, తప్పుదారి, వివరణ అనే అంగాలు ఉంటాయి. పాఠకుడికి అన్ని ఆధారాలూ చూపడం రచయిత ధర్మం. బంధువులు ఒకే పేరుతో ఒకే నవల రాయవచ్చు. ఒకే పత్రికను నిలబెట్టుకుంటూ ఎవరి కథలు వారు రాయవచ్చు. 1961లో మళ్ళీ మొదలైన సందేశ్‌లో రెండవ పద్ధతి కనబడుతుంది. నళినీ దాస్ 1993లోను, లీలా మజుందార్ 2007లోను మరణించారు. 1992లో మరణించేనాటికి సత్యజిత్ రాయ్ పూర్తిచేసిన ఫేలూదా కథలు ముప్పై అయిదు. వాటిలో కొన్నింటిని ఆయన కుమారుడు సందీప్ రాయ్ తరువాత చలనచిత్రాలుగా తీశారు. తాత మొదలుపెట్టిన పని మనవడి చేతికి, అక్కడి నుంచి మునిమనవడి చేతికి వచ్చింది.

మన తెలుగులో కూడా ‘రేడియో అన్నయ్య’ న్యాయపతి రాఘవరావు, ‘రేడియో అక్కయ్య’ కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ పత్రికను ప్రారంభించి పిల్లల కోసం కలిసి శ్రమించారు. మీ పిల్లలు చదివే కథ వెనుక ఎవరి శ్రమ ఉందో అడిగి తెలుసుకోండి. వీలైతే ఆ శ్రమలో మీరూ ఒక చేయి వేయండి.

అభ్యాసం

1. ఇంట్లో ఒక వస్తువు కనబడకుండా పోయిన సంఘటనను ఊహించి, ఇద్దరు అనుమానితులను, రెండు ఆధారాలను, ఒక తప్పుదారిని రాయండి.
2. దానిని మీ ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి. వారు వేసిన ప్రశ్నలను రాసుకుని, కథను సరిదిద్దండి.
3. ‘పిల్లల కథకు హద్దులు ఉండడం రచయితకు మేలే.’ మీరు అంగీకరిస్తారా? కారణాలతో పది వాక్యాలు రాయండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

1. అ) మేనమామ, మేనల్లుడు. ఆ) పరిశోధకుడికి దొరికిన ఆధారాలన్నీ పాఠకుడికి కూడా కనబడాలి.
2. అ) ప్రతి నెలా సందేశ్ పుటలు నింపవలసి రావడం. ఆ) ఆడపిల్లలు కూడా పరిశోధకులు కాగలరని పాఠకులకు తెలియడం.